తరళ కాలు పెరిగిన తొట్టి

జాలారిపేట వెనక వీధిలో సూరిబాబు ఇంటిని ఆటోవాళ్ళు ఇప్పటికీ నీలిలైటు ఇల్లనే అంటారు. ఆ లైటు తీసేసి పదేళ్ళు దాటిపోయింది. ముందుగదిలో ఇప్పుడొక దివాను, టీవీ, కిటికీ పక్కన కుట్టుమిషను ఉన్నాయి. అయినా అతని భార్య వరహాలు సాయంత్రం పూట ఆ గదిలోకి అడుగుపెడితే ఒక్కోసారి నీళ్ళు కదిలిన చప్పుడు విన్నట్టే ఉంటుంది. పంపు గురగురలు, ఉప్పు వాసన, గోడల మీద అలల్లా కదిలే వెలుగు గుర్తొస్తాయి. అవి కష్టపడ్డ రోజులే. మళ్ళీ ఇస్తామంటే తీసుకోదు. కానీ తలుచుకుంటే మాత్రం చాలాసేపు అక్కడే నిలబడిపోతుంది.

వాళ్ళ కూతురు తరళకి మూడేళ్ళప్పుడు గడప దిగబోతూ జారిపడింది. ఎడమకాలు మోకాలి కింద విరిగింది. పిల్లలన్నాక పడతారు, కట్టు కడితే అదే అతుక్కుంటుందనుకున్నారు. అతుక్కోలేదు. ఆ ఎముకలో పుట్టుకతోనే లోపముందనీ, విరిగితే దానంతటది అతుక్కునే గుణం దానికి లేదనీ అప్పుడు తెలిసింది. తుంటి నుంచి ఎముక ముక్క తీసి వేశారు. స్టీలు కడ్డీ వేశారు. ఎన్నిసార్లు ఆపరేషను చేసినా కొన్ని నెలలు గడిచేసరికి అదే చోట మళ్ళీ వంగిపోయేది. చివరికి పెద్ద డాక్టరు, మోకాలి కిందకి తీసేసి కృత్రిమ కాలు పెట్టడం మంచిదన్నాడు. పిల్ల హాయిగా తిరుగుతుందని కూడా అన్నాడు. వరహాలుకి ఆ రెండో మాట చెవికెక్కలేదు.

ఆ ఆసుపత్రి వరండాలోనే ఒక నర్సు డాక్టర్ మేదిని పేరు చెప్పింది. మేదిని వైద్యం చేసే డాక్టరు కాదు. బీచిరోడ్డు మీదున్న సముద్ర పరిశోధన కేంద్రంలో పగడాల మీద పనిచేసే మనిషి. భార్యాభర్తలు పిల్లని ఎత్తుకుని వెళితే ఆవిడ కుశలప్రశ్నలేవీ వేయకుండా, వరహాలు అరచేతిలో రెండు తెల్లటి ముక్కలు పెట్టింది.

"వీటిలో ఎముక ఏదో చెప్పండి."

వరహాలు రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. రెండూ తేలిగ్గా ఉన్నాయి. రెండింటి నిండా సూదిమొనంత కన్నాలు. ఒకటి చూపించింది.

"అది పగడం" అంది మేదిని. "సముద్రంలో లక్షల జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. విరిగిన ఎముకకి దీని ముక్కలు అతుకు వేయడం పాత సంగతే. కానీ చచ్చిన ముక్క మీ పాప ఒంటికి పరాయిది. అందుకని నేను బతికున్న పగడానికి పాప రక్తంలోంచి తీసిన సారం చుక్క చుక్కగా నీళ్ళలో కలిపి పెడతాను. అలవాటుపడ్డాక అది కట్టే గూడులో పాప ఎముక అల్లిక దిగుతుంది. పాప ఒళ్ళు దాన్ని పరాయిది అనుకోదు."

"మరెప్పుడు వేస్తారమ్మా?" అంది వరహాలు.

"ముందు పెరగాలి. గట్టిరకం పగడం ఏడాదికి వేలి వెడల్పు పెరిగితే ఎక్కువ. మనకి జానెడు కావాలి."

సూరిబాబు గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడే పెంచుతారా?"

అప్పుడు మేదిని మొహంలో మొదటిసారి ఇబ్బంది కనిపించింది. ఒకరి సారం కలిపిన నీళ్ళు ఇంకొకరి పగడానికి తగలకూడదు. ప్రతి పిల్లకీ వేరే తొట్టి, వేరే నీళ్ళు, దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. కేంద్రంలో అంత చోటూ లేదు, అంతమందీ లేరు. తొట్టి, నీలిలైట్లు, పంపులు తాము ఇస్తామనీ, పెంపకం ఇంటివాళ్ళదేననీ చెప్పింది. అలా ఒప్పుకున్న కుటుంబాలు ఏడు.

గాజుతొట్టి ముందుగదిలో పడమటి గోడకి ఆనించి దింపిన రోజున వీధి వీధంతా చూడ్డానికొచ్చింది. నీళ్ళ నడుమ చిన్న పీట లాంటి పలక, దాని మీద బొటనవేలంత గోధుమరంగు ముక్క. ఎదురింటి ముసలమ్మ బుగ్గన వేలుపెట్టుకుంది. "కుజదోషానికి ఉంగరంలో పొదిగిస్తారు గానీ, పగడానికి ఇంత గది ఇస్తారేటే?" అంది. అందరూ నవ్వారు. వరహాలు కూడా నవ్వింది. అప్పటికింకా ఆమెకి ఎంత పనుందో తెలియదు.

పలక కింద ఒక చిన్న యంత్రం ఉండేది. తరళ కుడికాలికి కడియంలాంటి పట్టీ కట్టారు. పిల్ల అడుగేస్తే ఆ అడుగు బరువు తొట్టిలో పలకకి తెలిసేది, పగడం సన్నగా అదిరేది. ఎముక బరువు మోసే దిక్కునే గట్టిపడుతుందని, పగడం కూడా ఆ దిక్కునే గట్టిపడాలని మేదిని పెట్టిన ఏర్పాటు. ఐదేళ్ళ తరళకి అదొక ఆట. చంకకర్ర ఆనించుకుని వరండాలో గెంతేది. గెంతి గెంతి ఆయాసపడుతూ లోపలికొచ్చి, "చెల్లి గెంతిందా?" అని అడిగేది. పగడానికి చెల్లి అని పేరు పెట్టింది తనే.

"గెంతిందమ్మా" అనేది వరహాలు. ఆ మాట అనడానికి ఆమె తొట్టివైపే చూస్తూ ఉండేది.

సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవడమంటే ఏమిటో నెమ్మదిగా తెలిసింది. నీళ్ళు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, లోపలే ఉండిపోతుంది. అందుకని తగ్గిన మేరకి మంచినీళ్ళే పొయ్యాలి, అదీ వడగట్టి శుద్ధిచేసినవి. వేడి ఒక గీత దాటితే పగడం తన రంగునిచ్చే నాచుని బయటికి కక్కేసి తెల్లబడిపోతుంది. నీళ్ళలో సున్నం తగ్గితే ఎదుగుదల ఆగుతుంది. మేత ఎక్కువైతే పచ్చటి పాచి పట్టి ఊపిరాడనివ్వదు. వరహాలు తెల్లారి లేచి పళ్ళు తోముకోకముందే ఉప్పు చూసేది, వేడి చూసేది, పరీక్ష గొట్టాల్లో చుక్కలు వేసి రంగు చూసేది. సూరిబాబు పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసేవాడు. ఓడని బయట సముద్రంలోకి సాగనంపి వచ్చేటప్పుడు, నీళ్ళు తేటగా ఉన్నచోట నీలం డ్రమ్ములు నింపుకొచ్చేవాడు. వారంవారం పాతనీళ్ళు కొంత తీసి కొత్తవి పోసేవాళ్ళు. సన్నగొట్టం నోటితో పీల్చి నీళ్ళు దింపేటప్పుడు ఒక గుక్క నోట్లోకి రావడం, సూరిబాబు ఉమ్మేసి "మన సంద్రమే" అనడం, తరళ పకపకా నవ్వడం. ఇప్పటికీ ఉప్పు ఎక్కువైన పులుసు నోట్లో పెట్టుకుంటే వరహాలుకి ఆ నవ్వే వినిపిస్తుంది.

నెలకొక ఆదివారం ఏడు కుటుంబాలూ కేంద్రం వెనకున్న సరుగుడు చెట్ల కింద కలిసేవి. క్యారేజీల్లో పులిహోర, వేపిన చేపలు, ఎవరో తెచ్చిన మడుగుల హల్వా. కాళ్ళకి కట్లున్న పిల్లలంతా ఇసకలో కూర్చుని ఆడుకునేవాళ్ళు. పెద్దలు మాత్రం పాచి గురించీ పంపుల గురించీ మాట్లాడుకునేవాళ్ళు. మేదిని ఒక్కొక్కరి పక్కనా కూర్చుని వినేది. ఆవిడకి పిల్లలు లేరు. "నాకు ఏడుగురు" అని ఒకసారి అంది.

మొదటి ఎండాకాలానికే రెండు తొట్టెలు పోయాయి. రెండో ఏడు సుభాషిణి వాళ్ళది పోయింది. సుభాషిణి టిఫిన్ సెంటరు నడిపేది. కొడుకు కిరీటి తరళ కన్నా ఏడాది పెద్ద. వాళ్ళు కొట్లో ఉండగా ఇంట్లో నీళ్ళు చల్లబరిచే మిషను ఆగిపోయింది. వచ్చి చూసేసరికి పగడం సున్నం కొట్టినట్టుంది. మళ్ళీ మొదట్నుంచి పెంచమని మేదిని అడిగితే సుభాషిణి తల అడ్డంగా ఊపింది. ఆ వర్షాకాలంలోనే కిరీటికి కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టారు. వరహాలు పళ్ళు తీసుకుని చూడ్డానికెళ్ళింది. పిల్లాణ్ణి చూసి ఏడ్చింది. దీపావళికి వాడు సైకిలు తొక్కుతూ ఇంటిముందు నుంచి వెళితే కూడా జాలిపడింది. తర్వాత తర్వాత వాణ్ణి చూసినప్పుడల్లా కలిగేది జాలి కాదని ఆమెకి తెలుసు. దానికి పేరు పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు.

తరళకి పదేళ్ళు వచ్చేసరికి మిగిలింది ఈ ఇంటి తొట్టి ఒక్కటే. పగడం బెత్తెడు దాటింది. తేనెరంగు ఒంటి మీద, చివర్లలో లేత ఊదా మెరుపు. కేంద్రం నుంచి మనుషులొచ్చి ఫొటోలు తీసుకునేవాళ్ళు. వరహాలు ఊరు దాటడం మానేసింది. ఆడపడుచు కూతురి పెళ్ళికి సూరిబాబూ తరళా వెళ్ళారు. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులకీ సూరిబాబే. తరళ బడి నుంచి వచ్చి ఏదో చెప్పబోతుంటే, "ఉండమ్మా, తలుపు వెయ్యి, వేడి లోపలికొచ్చీస్తంది" అనేది. పిల్ల తలుపు వేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయేది.

ఆ ఏడే తుఫాను వచ్చింది. ఊరంతా స్తంభాలు పడిపోయాయి. తెల్లారి గాలి తెరిపిచ్చాక చూస్తే వీధిలో ఒక్క ఇంటికీ కప్పు సరిగ్గా లేదు. ఇన్వర్టరు చచ్చిపోయింది. పంపు ఆగింది. తొట్టిలో నీళ్ళు కదలకుండా గాజుపలకలా నిలబడిపోయాయి. పగడం ఒంటి మీద పువ్వుల్లా విచ్చుకుని ఉండే జీవులన్నీ ముడుచుకున్నాయి. వరహాలు స్టీలు మగ్గుతో నీళ్ళు ముంచి పైనుంచి పొయ్యడం మొదలుపెట్టింది. గాలి కలవాలి, నీళ్ళు కదలాలి. చెయ్యి పీకుతుంటే సూరిబాబు అందుకున్నాడు. అతని చెయ్యి పడిపోతే ఎదురింటి కోడలు అందుకుంది.

మధ్యాహ్నానికి సుభాషిణి వచ్చింది. పడిన చెట్లు దాటుకుంటూ, కొట్లో లైట్ల కోసం ఉంచుకున్న పెద్ద బ్యాటరీని కిరీటి చేత ఒక పక్క పట్టించుకుని.

"నీకు కావాలి కదేటి ఇది?" అంది వరహాలు.

"కొట్టే ఎగిరిపోయింది వదినా. బ్యాటరీ పెట్టుకుని ఏటి చేసుకోను?"

చిన్న పంపు తిరిగింది. పెద్దది తిరగడానికి ఆ బ్యాటరీ చాలదు. కరెంటు వచ్చేదాకా వీధివాళ్ళు వంతులేసుకుని మగ్గులతో పోశారు. ఎవరింట్లో అన్నం ఉడికితే అది ముందుగదిలోకే వచ్చింది. పిల్లలంతా తొట్టి చుట్టూ చేరి పాటలు పాడారు. కిరీటి వచ్చినవాళ్ళ వాడకానికి మేడమీది ట్యాంకు నుంచి బకెట్లు దింపుతూ మెట్లమీద పరిగెత్తుతున్నాడు. మెట్టుమెట్టుకీ ఆ కృత్రిమ కాలు టకటకమంటోంది. తరళ కుర్చీలో కూర్చుని వాణ్ణి చూస్తోంది. వరహాలు తరళని చూసింది.

సుభాషిణి గొంతు తగ్గించి అంది. "మాది పోయిన్నాడు నేలమీద పడి ఏడిచేను వదినా. ఆ మర్నాటినుంచి కంటినిండా నిద్రపోయేను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

"నేను తప్పు చేస్తన్నానా?"

"తప్పేటి. నీకు నిలబడింది, నువ్వు పెంచుకుంటన్నావు. మాకు నిలబళ్ళేదు."

పగడం బతికింది. ఆ తుఫాను రోజుల్ని తలుచుకుంటే వరహాలుకి భయం గుర్తు రాదు. తడిసిన చాపల మీద వరసగా కూర్చున్న జనం, చేతులు మారుతున్న మగ్గులు, చీకటి పడబోయే ముందు ఆ గదిలో పచ్చటి వెలుతురు గుర్తొస్తాయి. తన ఇల్లు అంత నిండుగా అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

తరళకి పదమూడేళ్ళు నిండాక మేదిని వచ్చి కొలత తీసింది. ఒకటికి రెండుసార్లు తీసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పటికి ఆవిడ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

"సరిపోయింది వరహాలు గారూ."

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. పగడాన్ని బయటికి తీస్తారు. దాని మీది జీవులన్నిటినీ కడిగేస్తారు. శుభ్రమైన తెల్లటి గూడుని చెక్కి కాల్లో పెడతారు. ఏడాది తిరిగేలోగా తరళ సొంత ఎముక దానిలోకి అల్లుకుని, దాన్ని తనలో కలిపేసుకుంటుంది. ఇదంతా వరహాలు మొదటిరోజే విన్నది. కడిగేస్తారు అన్న మాట మాత్రం ఇప్పుడే విన్నట్టు అనిపించింది.

మేదిని వెళ్ళాక తరళ లోపలి గదిలోంచి వచ్చింది. చంకకర్ర గోడకి ఆనించి, తల్లి పక్కన కింద కూర్చుంది.

"అది బతికుంది కదమ్మా" అంది.

"ఆఁ."

"నేను వద్దంటే?"

"ఎందుకొద్దంటావే? దీనికోసమే కదా ఇన్నాళ్ళూ..."

"నాకు ఈ కర్రతో అలవాటైపోయింది. కిరీటిలాగ కాలు పెట్టించుకున్నా బానే ఉంటాను. వాడు కబడ్డీ ఆడతన్నాడు." పిల్ల గొంతులో కోపం లేదు. లెక్క చూసుకున్నట్టు చెబుతోంది. "నువ్వు దాన్ని తీసేస్తే ఏడుస్తావు. నిజం చెప్పు."

"ఏడుస్తాను" అంది వరహాలు.

తరళ తొట్టిలోకి చూసింది. "సరే, తియ్యించీ. నేను ఒప్పుకుంటాను. కాలు కోసం కాదు. ఇది ఈ గదిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు నాకు దొరకవు."

వరహాలుకి మొదట ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక పిల్ల వైపు తిరిగింది. చాలా దగ్గర్నుంచి ఆ మొహాన్ని చూసింది. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. పాతదే, మానిపోయింది. ఎప్పుడు తగిలిందో ఆమెకి తెలియదు. అడగబోయి, అడగడానికి సిగ్గుపడింది.

ఆపరేషను ముందురోజు పగడాన్ని తియ్యడానికి మేదిని, ఇద్దరు సహాయకులు వచ్చారు. కావలసిన కొలతకి కోశాక చివర వేలెడు కొమ్మ మిగిలింది. దాన్ని వేరే నీళ్ళ డబ్బాలో ఉంచి మేదిని పైకెత్తి చూపించింది. ఊదారంగు చివరలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి.

"ఇది బతుకుతుంది. మీరు ఉంచుకుంటానంటే ఇక్కడే వదిలేస్తాను. మీకన్నా బాగా పెంచేవాళ్ళు నాకు లేరు. పాప సారం ఆపి ఇంకొకరిది అలవాటు చేస్తే, ఇంకో పిల్లకి మొదలుపెట్టాలన్నా ఇది పనికొస్తుంది. నాకయితే మీ దగ్గరే ఉండాలని ఉంది."

వరహాలు చెయ్యి ముందుకి వెళ్ళింది. డబ్బా చల్లగా ఉంది. ఉప్పు ఎంత, వేడి ఎంత, ఏ మూల పెడితే వెలుగు సరిపోతుంది, అన్నీ ఒక్క క్షణంలో మనసులో తిరిగిపోయాయి. గుమ్మం దగ్గర తరళ నిలబడి ఉంది. నేలవైపు చూస్తోంది.

"తీసుకుపోండమ్మా" అంది వరహాలు. "మీ కేంద్రానికే పట్టుకుపోండి. ఎవరికైనా నేర్పమంటే వచ్చి నేర్పుతాను. ఇంట్లో మాత్రం వద్దు."

సూరిబాబు ఆశ్చర్యంగా చూశాడు. మేదిని బలవంతపెట్టలేదు. డబ్బాకి తడిగుడ్డ చుట్టి, తనే ఒళ్ళో పెట్టుకుని జీపెక్కింది. ఆ కొమ్మ నుంచే తర్వాత కేంద్రంలో ఎందరో పిల్లలకి పగడాలు పెంచారు. ఇప్పుడు ఇళ్ళలో తొట్టెలు అక్కర్లేదు, నీళ్ళూ వేడీ అన్నీ యంత్రాలే చూసుకుంటాయి. పేపర్లో అది చదివిన రోజున వరహాలు సంతోషించింది. అన్నం మాత్రం సయించలేదు.

ఆపరేషను బాగా జరిగింది. తరళని ఇంటికి తెచ్చాక మొదటి వారాలు వరహాలు తెల్లారుతూనే లేచి ముందుగదిలోకి వెళ్ళేది. ఖాళీ గోడ దగ్గర కాసేపు నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, వచ్చి పిల్ల మంచం పక్కన కూర్చునేది. చేతులు ఒళ్ళో ఊరికే ఉండేవి. ఒకనాడు, "ఇవాళ నీకేటి వండమంటావు?" అని అడిగితే తరళ నవ్వింది. ఏటి వండినా తింటానంది. "అలగ్గాదు, నీకేటి ఇష్టమో చెప్పు" అంటే, చాలాసేపు ఆలోచించి, "గుమ్మడికాయ ఇష్టం లేదు" అంది. ఇన్నేళ్ళూ వారానికోసారి ఆ ఇంట్లో గుమ్మడికాయ పులుసే.

ఎక్సరేల్లో గీత మసకబారుతూ వచ్చింది. చివరికి ఏది పగడమో ఏది తరళో డాక్టర్లే చెప్పలేకపోయారు. చంకకర్ర పోయింది. తర్వాత చేతికర్ర పోయింది. ఒక సాయంత్రం తరళ చెప్పులేసుకుని గడప దిగి, వీధి చివరిదాకా ఒక్కత్తే నడిచి మలుపు తిరిగింది. కనిపించకుండా పోయింది. వరహాలు గుమ్మంలో నిలబడి చూసింది. వెనకే వెళ్ళాలనిపించింది. తనని తను ఆపుకుంది. కాసేపటికి తరళ మలుపు దగ్గర మళ్ళీ కనిపించి చెయ్యి ఊపింది.

"రావేటి? ఒక్కదాన్నీ ఏటి నడుస్తాను?"

వరహాలు తలుపు దగ్గరికి లాగి వెళ్ళింది. ఇద్దరూ బీచి వైపు నడిచారు. వలలు ఆరేసిన చోటు దాటాక ఇసక మొదలైంది. తరళ నెమ్మదిగా అడుగులేస్తూ మాట్లాడుతోంది. లెక్కల మాస్టారి గురించి, తుఫానుకి కూలిన బడిగోడ గురించి, కస్తూరి అన్న మాట గురించి.

"కస్తూరి ఎవరే?" అంది వరహాలు.

తరళ ఆగి చూసింది. "నా ఫ్రెండమ్మా. మూడో తరగతి నుంచీ. మనింటికి బోల్డుసార్లు వచ్చింది. నువ్వే తలుపు తీసేదానివి."

వరహాలు గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తలుపు గుర్తుంది, వేడి లోపలికొస్తుందన్న ఆత్రం గుర్తుంది. ఆ పిల్ల మొహం రాలేదు.

"నాకు గుర్తు లేదే" అంది. ఇసకలో కూర్చుని, పక్కన చోటు చూపించింది. "మొదట్నుంచి చెప్పు."

తరళ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని కాసేపు ఆలోచించి, చెప్పడం మొదలుపెట్టింది.